గుర్రం నడుం ఎవరి చేతిలో పెడదాం?

పెళ్లి ఊరేగింపుకు తెచ్చిన తెల్ల గుర్రం కల్యాణ మండపం ముందు నిలబడి ఉంటుంది. ఒకపక్క బ్యాండు మేళం, ఇంకోపక్క జనరేటరు హోరు. పెళ్లికొడుకు రికాబులో కాలు పెట్టగానే గుర్రం చెవులు వెనక్కి వాలతాయి. నడుం కిందికి కుంగుతుంది. తోక అటూఇటూ కొట్టుకుంటుంది. చూసేవాళ్లు 'పొగరు గుర్రం' అంటారు. గుర్రాన్ని చూసుకునే సయీసు కళ్లెం బిగించి లాగుతాడు. నిజానికి ఆ గుర్రం చెబుతున్నది ఒక్కటే: నడుం నొప్పిగా ఉంది, ఎక్కొద్దు.

మరుసటి రోజు యజమాని నలుగురినీ అడుగుతాడు. ఒకరు 'వాతలు పెట్టించబ్బా' అంటారు. ఇంకొకరు నూనె మాలిష్ చేసేవాడి ఫోన్ నంబరు ఇస్తారు. మందుల షాపులో సూది మందు ఇస్తారు. బెంగళూరులోనో చెన్నైలోనో స్వారీ నేర్చుకున్న కుర్రవాడు ఉంటే 'అన్నా, గుర్రాలకు ఫిజియోథెరపిస్టులున్నారు, ఆస్టియోపతీ చేస్తారు, పిలిపించు' అంటాడు. ఆ సలహా మంచిదే. అయితే పిలిచేది ఎవరిని? వచ్చినవాడికి ఆ పని తెలుసని ఎలా నమ్మాలి? నాలుగైదు వందల కిలోల మూగజీవి వెన్ను మీద అపరిచితుడి చేయి పడే ముందు యజమాని తెలుసుకోవాల్సిన సంగతులు చాలా ఉన్నాయి.

లాయాలు పోయాయి, తెలివిడీ పోయింది

మన తిరుపతి సీమకు గుర్రం కొత్త కాదు. విజయనగర రాజులు అరబ్బు గుర్రాల కోసం పడమటి రేవుల్లో బంగారం కుమ్మరించారు. రాయలవారు ఏటా 13,000 గుర్రాలు కొనేవారని పోర్చుగీసు గుర్రాల వర్తకుడు నూనిజ్ రాసిపెట్టాడు. ఆ సామ్రాజ్యపు చివరి దశలో మన చంద్రగిరే రాజధాని. గుర్రాల లక్షణాల మీద మనుమంచి భట్టు తెలుగులో 'హయలక్షణ విలాసము' అనే గ్రంథమే రాశాడు.

తిరుమల బ్రహ్మోత్సవాల్లో ఇప్పటికీ వాహన సేవల ముందు ఏనుగులు, గుర్రాలు, వృషభాలు నడుస్తాయి. ఎనిమిదో రోజు రాత్రి మలయప్ప స్వామి అశ్వవాహనం మీద మాడవీధుల్లో ఊరేగుతాడు. తిరుపతిలోని టీటీడీ గోశాలలో ఆవులతో పాటు గుర్రాలూ ఏనుగులూ ఉంటాయి. గుర్రాన్ని అంత ఎత్తున కూర్చోబెట్టిన ఊరు ఇది.

గుర్రాలు ఎక్కువగా ఉన్న రోజుల్లో వాటిని చూసుకునే చేతులూ ఉండేవి. సయీసుకు ఏ కాలు బరువుగా పడుతోందో చప్పుడు విని తెలిసేది. లాడాలు కొట్టేవాడికి గిట్ట అరుగుదల చూసి నడక లోపం తెలిసేది. రైల్వే స్టేషన్ల ముందు నుంచి జట్కాలు మాయమయ్యాక ఆ పనులు చేసే కుటుంబాలు వేరే బతుకుదెరువు వెతుక్కున్నాయి. ఇప్పుడు మిగిలినవి పెళ్లి గుర్రాలు, స్వారీ నేర్పే చోట్ల ఉన్నవి, ఇష్టంతో పెంచుకునేవి. గుర్రం కొనే స్తోమత ఉన్నవాళ్లు ఉన్నారు. దాని ఒళ్లు తెలిసినవాళ్లు తగ్గిపోయారు. ఆ ఖాళీలోకి తెలిసినవాళ్లూ వస్తారు, తెలిసినట్టు నటించేవాళ్లూ వస్తారు.

ఎముక కట్టే నేల మీద

ఎముకల విషయంలో ఉమ్మడి చిత్తూరు జిల్లా వాళ్లకు ఒక నమ్మకం ఉంది. చేయి విరిగినా కాలు విరిగినా చాలామందికి మొదట గుర్తొచ్చేది పుత్తూరు కట్టు. పుత్తూరు దగ్గర రాచపాళెంలో రాజుల కుటుంబం తరతరాలుగా ఈ కట్టు కడుతోంది. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు, గుడ్డ. దీని పుట్టుక గురించి చెప్పుకునే కథలో కూడా ఒక జంతువే ఉంది. 1881లో ఆ కుటుంబానికి చెందిన కేశవరాజు అడవిలో వేటాడిన జంతువును ఆకుల్లో చుట్టి పెడితే, కాసేపటికి అది లేచి పారిపోయిందట. ఆ ఆకుల్లోనే మహిమ ఉందని అప్పుడు తెలిసిందంటారు.

అమెరికాలో ఆండ్రూ టేలర్ స్టిల్ అనే వైద్యుడు ఆస్టియోపతి అనే పద్ధతిని ప్రకటించింది 1874లో. ఊరూరా తిరిగే రోజుల్లో ఆయన తనను మెరుపు వేగంతో ఎముకలు సరిచేసేవాడినని చెప్పుకునేవాడు. మిస్సోరీ రాష్ట్రం కిర్క్స్‌విల్‌లో 1892లో మొదటి బడి పెట్టాడు. అంటే ఇంచుమించు ఒకే కాలంలో, ప్రపంచానికి ఆ కొసన ఒకరు, ఈ కొసన ఒకరు చేతులతో ఎముకల వైద్యం మొదలుపెట్టారు. కాబట్టి చేత్తో పట్టి నయం చేసే విద్య మనవాళ్లకు వింతగా తోచదు. మన దగ్గర దాని మీద గౌరవం కూడా ఎక్కువ.

ఆ గౌరవాన్ని అలాగే తెచ్చి గుర్రానికి తగిలించడం మాత్రం ప్రమాదం. కాలు విరిగిన మనిషిని కదలకుండా మంచం మీద పడుకోమని చెప్పొచ్చు. గుర్రాన్ని పడుకోబెట్టలేం. అది ఎక్కువసేపు పడుకుంటే దాని బరువే దాని కండలనూ ఊపిరితిత్తులనూ నలిపేస్తుంది. నిలబడితే దెబ్బ తగిలిన కాలు భారమంతా పక్క కాలి మీద పడుతుంది. కొన్నాళ్లకు ఆ మంచి కాలి గిట్ట లోపలి పొరలు వాచి ఊడిరావచ్చు. కాలు నయమవుతుండగానే రెండో కాలు పోయి గుర్రాన్ని పోగొట్టుకున్నవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. అందుకే గుర్రానికి ఎక్స్‌రే లేకుండా బద్దలు కట్టడం, లాగడం, సర్దడం పనికిరావు. కట్టే చేయి ఎంత మంచిదైనా సరే.

ఎవరు ఏం చేస్తారు?

ఫిజియోథెరపిస్టు పని ప్రధానంగా కండలు, కీళ్లు, నడక మీద. దెబ్బ తగిలాకో ఆపరేషన్ అయ్యాకో గుర్రాన్ని మళ్లీ పనిలోకి తేవడం అతని గురి. చల్లటి నీళ్లు, వేడి కాపడం, మర్దన, కీళ్లను మెల్లగా చాపించడం, నేల మీద పరిచిన కర్రల మీదుగా నడిపించడం, అవసరాన్ని బట్టి అల్ట్రాసౌండ్, లేజరు, కండకు సన్నటి కరెంటు ఇచ్చే యంత్రాలు అతని సాధనాలు. అన్నిటికన్నా ముఖ్యమైనది వ్యాయామాల పట్టిక. ఏ వారం ఎంతసేపు నడపాలి, ఎప్పుడు దుడుకు నడకకు (ట్రాట్) వెళ్లాలి, ఎప్పుడు జీను వేయాలి అని రాసిచ్చేది అదే.

ఆస్టియోపతి చేసేవాడు దాదాపుగా చేతుల మీదే ఆధారపడతాడు. వెన్ను, కటి, మెడ కీళ్లలో కదలిక ఎక్కడ బిగుసుకుందో తడిమి పట్టుకుని, అక్కడ ఒత్తిడితోనో కదలికతోనో సడలిస్తాడు. గుర్రాల ఆస్టియోపతికి ఐరోపాలో పేరు తెచ్చినవారిలో డొమినిక్ జినియో ఒకరు. ఆయన ఫ్రాన్సులో పశువైద్యుడు. ముందు పశువైద్యం చదివి, తర్వాత చేతి విద్య నేర్చినవాడు. ఈ వరస గుర్తు పెట్టుకోవాలి.

చేతి వైద్యానికి శాస్త్రీయ ఆధారం ఎంత? కండల బిగుతు, కీళ్ల కదలిక, నొప్పి మీద కొంత మేలు కనబడింది. వ్యాయామాల వైపు ఆధారం మరికాస్త గట్టిగా ఉంది. అమెరికాలో మిచిగన్ స్టేట్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2011లో ప్రచురించిన పరిశోధనలో, క్యారెట్టు ఆశ చూపి గుర్రం మెడను పక్కలకూ కిందికీ వంచించే సాధన మూడు నెలలు చేయిస్తే, వెన్నును నిలబెట్టే లోపలి కండలు స్కానులో కనబడేంతగా పెరిగాయి. జారిపోయిన వెన్నుపూసను చేత్తో తోసి చోటికి చేర్చాననే మాటకు మాత్రం ఆధారం లేదు. గుర్రం వెన్నుపూసల చుట్టూ ఉన్న కండ, స్నాయువుల మందం ముందు మనిషి చేతి బలం చాలదు. ఆ మాట అనేవాడు గుర్రం ఒళ్లు చదవలేదని అర్థం.

చట్టం ఏమంటోంది?

మన దేశంలో పశువైద్యానికి 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ఉంది. దాని 30వ సెక్షను ప్రకారం రిజిస్టరులో పేరున్న పశువైద్యుడు తప్ప మరొకరు పశువైద్యం చేయకూడదు. డిప్లొమా చేసిన సహాయకులకు రాష్ట్ర ప్రభుత్వం అనుమతిస్తే టీకాలు, గాయాలకు కట్లు వంటి చిన్న సేవలు చేయొచ్చు. అదీ పశువైద్యుడి పర్యవేక్షణలోనే. రోగం ఏమిటో తేల్చడం, సూది మందు వేయడం, మత్తు ఇవ్వడం పశువైద్యుడి పనులు.

మనుషుల ఫిజియోథెరపిస్టులు 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం కిందికి వస్తారు. అది మనుషుల వైద్యానికి సంబంధించినది. జంతువుల ఫిజియోథెరపిస్టు, గుర్రాల ఆస్టియోపతి నిపుణుడు అనే వృత్తులకు మన దేశంలో విడిగా చట్టబద్ధమైన రిజిస్టరు లేదు. అంటే ఎవరైనా కార్డు మీద ఆ పేరు అచ్చు వేయించుకోవచ్చు. ఆ కార్డు చూసి యోగ్యత తేల్చుకోలేం. కార్డు వెనక ఉన్న చదువు, నమోదు సంఖ్య, ఎవరి సలహాతో పనిచేస్తాడన్నది చూసి తేల్చుకోవాలి.

బయటి దేశాలు దీన్ని ఎలా సర్దుకున్నాయో చూస్తే మనకు దారి దొరుకుతుంది. బ్రిటన్‌లో పశువైద్యుడు గుర్రాన్ని చూసి, చేయమని చెప్పాకే ఫిజియోథెరపీ చేయాలి. 1966 పశువైద్య చట్టానికి ఇచ్చిన ఈ మినహాయింపును 2015లో తాజాగా రాసుకున్నారు. అక్కడ కూడా జంతువుల ఫిజియో అనే పేరుకు చట్ట రక్షణ లేదు. అందుకే 1985లో మొదలైన జంతువుల ఫిజియోథెరపిస్టుల సంఘం లాంటివి తమ సభ్యుల జాబితాలు పెట్టుకున్నాయి. ఫ్రాన్సు ఇంకో అడుగు ముందుకేసింది. పశువైద్యుడు కానివాడు జంతువులకు ఆస్టియోపతి చేయాలంటే పశువైద్యుల జాతీయ మండలి పెట్టే పరీక్ష నెగ్గాలి, జాబితాలో పేరుండాలి. 2017 నుంచి ఈ పద్ధతి అమల్లో ఉంది. అమెరికాలో పశువుల క్రీడావైద్యం, పునరావాసం 2010 నుంచి పశువైద్యుల ప్రత్యేక విభాగం. ఈ దేశాలన్నిటిలోనూ ఏదో ఒక రూపంలో పశువైద్యుల అజమాయిషీ ఉంది.

నొప్పి ఒకచోట, మూలం ఇంకోచోట

పశువైద్యుడు ముందు చూడాలనడానికి కారణం గుర్రం ఒంటి కట్టులోనే ఉంది. గుర్రానికి జత్రుక (కాలర్ బోన్) ఉండదు. ముందు భాగమంతా భుజపు పలకల మధ్య కండలతో వేలాడుతుంటుంది. ఒంటి బరువులో దాదాపు 60 శాతం ముందు కాళ్ల మీదే. పక్కటెముకలు తగిలే వెన్నుపూసలు 18, నడుంలో 6. సవారీ చేసే మనిషి కూర్చునేది సరిగ్గా ఈ వంతెన నడుమ. వంతెన కింద ఉన్న నాలుగు స్తంభాల్లో ఒకటి వంగితే పగులు పైన కనబడుతుంది.

అందుకే గుర్రం నడుం నొప్పికి మూలం చాలాసార్లు నడుంలో ఉండదు. వదులైన లాడం, గిట్టలో దిగిన మేకు, గిట్టలో చీము, ముందు కాలి స్నాయువు వాపు, బిగుసుకున్న జీను, పదునెక్కిన దవడ పళ్లు ఏదైనా సరే వెన్ను దాకా పాకుతుంది. కాలు నొప్పిని కాపాడుకోవడానికి గుర్రం వంకరగా నడుస్తుంది. ఆ వంకర నడకతో నడుం బిగుస్తుంది. నడుం మర్దన చేస్తే రెండు రోజులు హాయిగా ఉంటుంది. మూడో రోజు మళ్లీ మొదటికే వస్తుంది. అలా మూలం వదిలి కొస పట్టుకున్నవాళ్లు ప్రతి నెలా డబ్బు ఇస్తూనే ఉంటారు, గుర్రం కుంటుతూనే ఉంటుంది.

గుర్రం నొప్పిని ఎలా చెబుతుందో కూడా ఇప్పుడు పద్ధతిగా తెలుసు. బ్రిటన్ పశువైద్యురాలు సూ డైసన్ బృందం సవారీ వేళ గుర్రం చేసే 24 చేష్టలను జాబితా కట్టింది. చెవులు వెనక్కి వాల్చడం, కన్ను సగం మూయడం, నోరు తెరిచి ఉంచడం, తోక కొట్టుకోవడం, తల పదేపదే ఎగరేయడం లాంటివి. వాటిలో 8 లేదా అంతకు మించి కనబడితే ఎముకలు, కండల నొప్పి ఉండే అవకాశం ఎక్కువ. పెళ్లి మండపం ముందు మనం పొగరు అనుకున్న చెవుల వాలు, తోక కొట్టుకోవడం ఆ జాబితాలో ఉన్నాయి.

చేయి వేయకూడని వేళలు

కొన్ని జబ్బులు బయటికి నడుం పట్టేసినట్టే కనబడతాయి. వాటికి మర్దన చేస్తే గుర్రం ప్రాణం మీదికి రావచ్చు.

మొదటిది ధనుర్వాతం. జంతువులన్నిటిలో గుర్రానికి ఇది తొందరగా సోకుతుంది. పాత మేకు గుచ్చుకున్న చిన్న గాయం చాలు. గుర్రం నాలుగు కాళ్లూ చాచి కొయ్యబారి నిలబడుతుంది. తోక కొంచెం పైకి లేస్తుంది. కంటి మూలలోని మూడో రెప్ప కంటి మీదికి వస్తుంది. చిన్న చప్పుడుకే ఒళ్లు అదురుతుంది. దీన్ని వెన్ను బిగుతనుకుని పట్టి లాగితే దాన్ని హింసించినట్టే.

రెండోది కండలు గడ్డకట్టడం. రెండు మూడు రోజులు ఊరికే నిలబెట్టి, ఉలవలూ దాణా మాత్రం మామూలుగా పెట్టి, ఒక్కసారిగా పనికి తీసుకెళితే వస్తుంది. తొడ కండలు రాయిలా గట్టిపడతాయి, చెమటలు పడతాయి, మూత్రం కాఫీ రంగులో పోస్తుంది. నడిపించినా పిసికినా కండలు ఇంకా చెడి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. కదలనివ్వకుండా పశువైద్యుడిని పిలవాలి.

మూడోది గిట్ట లోపలి వాపు. గుర్రం బరువంతా వెనక్కి వేసి మడమల మీద నిలబడుతుంది. గిట్ట వేడిగా ఉంటుంది. నాలుగోది కడుపు నొప్పి. డొక్కల వైపు తిరిగి చూస్తుంది, పడి దొర్లుతుంది. ఇక జ్వరం, ముక్కు నుంచి జిగురు స్రావం, చర్మం కింద కాయలు ఉంటే గ్లాండర్స్ అనుమానించాలి. ఇది మనిషికీ సోకే జబ్బు. కనబడితే ప్రభుత్వానికి తెలపాల్సిన జబ్బు. నాలుగు లాయాలు తిరిగే థెరపిస్టు చేతులు కడుక్కోకుండా, తువ్వాళ్లు మార్చకుండా వస్తున్నాడంటే అతను అంటురోగాలను మోస్తున్నాడని అర్థం.

మంచి చేయి ఎలా పనిచేస్తుంది?

పని తెలిసినవాడు వచ్చీరాగానే గుర్రం మీద చేయి వేయడు. ముందు పశువైద్యుడు ఏం చెప్పాడో, ఏ మందులు నడుస్తున్నాయో అడుగుతాడు. గుర్రం వయసు, పని, ఎప్పటి నుంచి మార్పు, ఈ మధ్య లాడాలు ఎప్పుడు వేశారు అన్నీ రాసుకుంటాడు. తర్వాత గట్టి నేల మీద నడిపించమంటాడు. ఎదురుగా నిలబడి ఒకసారి, వెనక నుంచి ఒకసారి చూస్తాడు. దుడుకు నడకలో తల ఆడించడం గమనిస్తాడు. ముందు కాలు నొప్పిగా ఉంటే, ఆ కాలు నేలకు ఆనినప్పుడు గుర్రం తల పైకెత్తుతుంది, మంచి కాలు ఆనినప్పుడు దించుతుంది. వెనక కాలు నొప్పయితే పిరుదులు ఎగుడుదిగుడుగా కదులుతాయి.

ఆ తర్వాత గిట్టలు ఒక్కొక్కటీ ఎత్తి, లాడం ఏ పక్క ఎక్కువ అరిగిందో చూస్తాడు. జీను తెప్పించి తిరగేసి, లోపలి దిండు ఎక్కడ గట్టిపడిందో నొక్కి చూస్తాడు. అప్పుడు మూపు దగ్గర అరచేయి పరిచి, వెన్నుకు రెండు పక్కలా తోక దాకా మెల్లగా జరుపుకుంటూ పోతాడు. అతని కళ్లు మాత్రం తన చేతి మీద ఉండవు, గుర్రం చెవుల మీదా కన్ను మీదా ఉంటాయి. ఒకచోట చర్మం అదిరినా, కండ గట్టిపడినా అక్కడే ఆగి, చేయి తేలిక చేసి, గుర్రం ఊపిరి వదిలే దాకా ఆగుతాడు. గుర్రం నాలుక చప్పరించినా, తల దించినా, ఆవులించినా సడలుతోందని తెలుసుకుంటాడు. కాలు విసిరితే కొట్టడు. అక్కడ నొప్పి ఉందని రాసుకుంటాడు.

చివర్లో యజమానికీ సయీసుకీ ఇంటి పని చెబుతాడు. ఎన్నాళ్లు విశ్రాంతి, ఎన్ని నిమిషాల నడక, ఏ వ్యాయామం, ఎప్పుడు మళ్లీ చూడాలి, ఏం కనబడితే పశువైద్యుడికి ఫోన్ చేయాలి అన్నీ కాగితం మీద రాసిస్తాడు. ఆ కాగితం నకలు పశువైద్యుడికీ పంపుతాడు.

పిలిచే ముందు అడగాల్సిన ప్రశ్నలు

ఒకటి: మీరు పశువైద్యులా? అయితే పశువైద్య మండలి నమోదు సంఖ్య ఎంత? బీవీఎస్సీ అంటే అయిదున్నరేళ్ల చదువు, అందులో ఏడాది ఇంటర్న్‌షిప్. శస్త్రచికిత్స, రేడియాలజీలో ఎంవీఎస్సీ ఉంటే మరీ మంచిది.

రెండు: పశువైద్యులు కాకపోతే, ఏం చదివారు, ఎక్కడ, ఎన్నాళ్లు, చేతి సాధన ఎన్ని గంటలు? ఇంట్లో కూర్చుని వీడియోలు చూసి తెచ్చుకున్న సర్టిఫికెట్టుకూ, పరీక్ష పెట్టి ఇచ్చిన దానికీ తేడా ఉంది. అమెరికాలోని టెన్నెసీ విశ్వవిద్యాలయం లాంటివి గుర్రాల పునరావాసంలో ప్రత్యేక శిక్షణ ఇస్తాయి. అలాంటివి చేసినవాళ్లు ఆ పత్రం చూపించడానికి వెనకాడరు.

మూడు: గుర్రాలతో ఎన్నేళ్ల పని? కుక్కల ఫిజియో బాగా చేసేవాళ్లు గుర్రానికి తగినవాళ్లు కానక్కర్లేదు. మనుషుల ఫిజియోథెరపిస్టుకు కండలు, నరాల తెలివి ఉంటుంది గానీ, గుర్రం ఒంటి తీరు వేరే నేర్చుకోవాలి.

నాలుగు: నా పశువైద్యుడి చీటీ లేకుండా మొదలుపెడతారా? 'పెడతాను' అంటే ఫోన్ పెట్టేయండి.

అయిదు: ఎన్నిసార్లు రావాలి? ఏ మార్పు కనబడకపోతే ఎప్పుడు ఆపేస్తారు? ఆపే గడువు చెప్పలేనివాడు ఎప్పటికీ ఆపడు.

ఆరు: రాతలో నివేదిక ఇస్తారా? ఇంతకుముందు మీతో పనిచేసిన పశువైద్యుల పేర్లు చెబుతారా?

వచ్చాక కొన్ని కనబడితే అక్కడికక్కడే పని ఆపించాలి. 'ఎముక జారింది, ఒక్క దెబ్బతో వేస్తా' అనేవాడు. ముందు కాళ్లకు తాడు కట్టి లాగేవాడు. తానే మత్తు సూది వేసి, కదలలేని గుర్రం మెడ మెలితిప్పేవాడు. పశువైద్యుడి మందులు ఆపేయమనేవాడు. కాల్చిన ఇనుముతో వాతలు పెట్టేవాడు. వాతలో వైద్యం లేదు. కొత్త నొప్పి పాత నొప్పిని మరిపిస్తుంది, అంతే.

సంచిలో డైక్లోఫెనాక్ సూది పెట్టుకు తిరిగేవాళ్ల విషయంలో మరీ జాగ్రత్త. పశువులకు ఆ మందు వాడకాన్ని మన దేశం 2006లోనే నిషేధించింది. ఆ మందు ఒంట్లో ఉన్న పశువుల కళేబరాలు తిని రాబందులు కుప్పలుగా చచ్చిపోయాయి. నొప్పిని మూసిపెట్టి గుర్రాన్ని పనికి తోలితే లోపలి దెబ్బ పెద్దదవుతుంది.

డబ్బు లేనివాళ్ల మాటేమిటి?

పెళ్లి గుర్రం మీద బతికే కుటుంబం బెంగళూరు నుంచి నిపుణుడిని పిలిపించుకోలేదు. అక్కర్లేదు కూడా. తిరుపతి పశువైద్య కళాశాల 1955 నుంచి ఉంది. 2005లో శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఏర్పడింది. కళాశాల ఆసుపత్రిలో శస్త్రచికిత్స విభాగం ఉంది, ఎక్స్‌రే ఉంది. మొదట వెళ్లాల్సింది అక్కడికే. గుర్రాన్ని కదిలించలేని పల్లెలో ఉంటే 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. చిత్తూరు, కుప్పం వైపు వాళ్లకు పెద్ద కేసుల్లో బెంగళూరు హెబ్బాళ కళాశాల, పుత్తూరు, సత్యవేడు వైపు వాళ్లకు చెన్నై వేపేరిలో 1903లో మొదలైన మద్రాసు పశువైద్య కళాశాల దగ్గర. రెండు ఊళ్లకూ గుర్రప్పందేల చరిత్ర ఉండడంతో గుర్రాలు చూసి చేయి తిరిగిన వైద్యులు దొరుకుతారు.

రోగం ఏమిటో తేలాక చేసే చాలా పనులకు ఖర్చు లేదు. కొత్తగా వాచిన కాలికి మొదటి రెండు రోజులు చల్లటి నీటి ధార. వైద్యుడు సరేనన్నాక క్యారెట్టు సాధన. గుర్రాన్ని సమంగా నిలబెట్టి, క్యారెట్టును ముందు ఛాతీ దగ్గరికి, తర్వాత మోకాళ్ల మధ్యకు, ఆపైన పక్కటెముకల వైపు చూపిస్తూ మెల్లగా మెడ తిప్పించాలి. అందుకున్నాక కొన్ని క్షణాలు ఆపి ఇవ్వాలి. లాగకూడదు, తొందరపెట్టకూడదు. ఆరేడు వారాలకోసారి లాడాలు సరిచేయించడం, ఏడాదికోసారి పళ్లు చూపించడం, జీను కింద శుభ్రమైన మెత్త, ధనుర్వాతం టీకా. ఇవి సరిగ్గా ఉంటే చాలా గుర్రాలకు ఫిజియో అవసరమే రాదు.

చట్టం చెప్పే విశ్రాంతి కూడా వైద్యమే. 1965 నాటి నిబంధనల ప్రకారం బండి లాగే, బరువు మోసే జంతువును రోజుకు 9 గంటలకు మించి పని చేయించకూడదు. విరామం లేకుండా 5 గంటలు దాటకూడదు. ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు పనికి తోలకూడదు. తిరుపతి ఎండాకాలం పెళ్లిళ్లకు గుర్రం మాట్లాడుకునేవాళ్లు ఈ లెక్క చూసుకోవాలి. జబ్బుతో, గాయంతో ఉన్న జంతువును పనిలో పెట్టడం 1960 జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షను కింద నేరం.

తిరుపతి చేయగల పని

ఒకే ఊళ్లో పశువైద్య విశ్వవిద్యాలయం, స్విమ్స్ వైద్య సంస్థ ఫిజియోథెరపీ కళాశాల, ఎముకల వైద్యానికి, పునరావాసానికి టీటీడీ నడిపే బర్డ్ ఆసుపత్రి ఉండడం మామూలు విషయం కాదు. పక్కనే గోశాలలో స్వామి సేవకు నడిచే గుర్రాలు ఉన్నాయి. గుర్రాల ఫిజియోథెరపీకి కావలసిన విద్యలన్నీ కొన్ని కిలోమీటర్ల లోపల విడివిడిగా ఉన్నాయి. పశువైద్య పట్టభద్రులకు పునరావాస వైద్యంలో ఒక డిప్లొమా, మనుషుల ఫిజియోథెరపిస్టులకు పశువైద్యుడి పర్యవేక్షణలో జంతువుల మీద శిక్షణ ఇక్కడ మొదలైతే, దక్షిణాది గుర్రాలకే కాదు, నడుం పడిపోయిన పాడి ఆవులకూ గోశాల ఏనుగులకూ మేలు జరుగుతుంది. రాష్ట్ర పశువైద్య మండలి ఆ చదువు పూర్తి చేసినవాళ్ల పేర్లతో ఒక జాబితా పెడితే, యజమాని ఎవరిని పిలవాలో వెతుక్కునే పని తప్పుతుంది. విశ్వవిద్యాలయం, స్విమ్స్, టీటీడీ పెద్దలు ఒకసారి కలిసి కూర్చుని ఈ మాట మాట్లాడుకోవాలి.

అంతదాకా గుర్రం ఉన్న ప్రతి ఇంటికీ ఒకటే మనవి. మొదట పశువైద్యుడికి చూపించండి. ఆయన చెప్పాకే చేతి వైద్యుడిని పిలవండి. వచ్చినవాడిని చదువు, నమోదు సంఖ్య, అనుభవం అడగండి. అడిగినందుకు కోపం తెచ్చుకునేవాడికి మీ గుర్రాన్ని అప్పగించకండి.